పళ్ళావిడ పడవెక్కింది

ఆ వీధిలో అందరూ ఆవిడను పళ్ళావిడ అనేవాళ్ళు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు గాని, వెనక మాత్రం బడిపిల్లల దగ్గర్నుంచి ఇస్త్రీ దుకాణం ముసలాయన దాకా అందరికీ అదే పేరు. కట్టుడుపళ్ళు చేయడం ఆవిడ పని. మెట్ల కింద ఉన్న ఇరుకు గదే కార్ఖానా. ఒక మూల మైనం కరిగే గిన్నె, కిటికీ దగ్గర పాలిష్ చక్రం, గోడ పొడవునా అరల్లో బారులు తీరిన ప్లాస్టర్ దవడలు. ఊళ్ళోని పళ్ళ డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపితే, ఆవిడ దానికి తగ్గట్టు చిగుళ్ళు పోసి, పళ్ళు పేర్చి, నునుపు చేసి తిప్పి పంపేది. ఆ నోరు ఎవరిదో ఆవిడకు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఏనాడూ అనుకోలేదు.

"నోరు చూశాక ఇక మనిషిని చూడాల్సిన పనేముంది?" అనేది.

పెదవి విరవడంలో మాత్రం ఆవిడకు సాటి లేరు. పక్కింటివాళ్ళు నగిషీ చెక్కిన కొత్త తలుపు పెట్టించుకుని పిలిచి చూపిస్తే, "తలుపు బాగానే ఉంది, లోపల దాచుకోడానికేముందని?" అని వచ్చేసింది. ఎదురింటి పెళ్ళికూతురి ఫోటో చూసి, "నవ్వితే పైదవడ ముందుకొస్తోంది. పెళ్ళిదాకా నవ్వొద్దని చెప్పండి" అంది. కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్ళను లోకం చాలామందినే చూసింది. ఈవిడ పీకిన ఈకలతో పరుపులు కుట్టించవచ్చు.

ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "అచ్చు కుదర్లేదు" అని ఊరుకునేది. కార్ఖానా పైన రెండు గదుల ఇంట్లో ఆవిడా, చనిపోయిన తమ్ముడి భార్యా ఉండేవాళ్ళు. ఆ మరదలు నోట్లో నాలుక లేని మనిషి. ఆడపడుచు అర్ధమొగుడంటారు, మొగుడు పోయాక ఆ మిగిలిన సగం కూడా పళ్ళావిడే భర్తీ చేసింది. కర్టెన్ల రంగు దగ్గర్నుంచి చెప్పుల సైజు దాకా తీర్పు ఆవిడదే. మరదలు ఏదైనా తెచ్చి చూపించేది, ఆవిడ పెదవి విరిచేది, మరదలు పోయి దుకాణంలో తిరిగిచ్చి వచ్చేది. ఏళ్ళ తరబడి ఆ కాపురం అలాగే సాగింది.

ఒక సాయంత్రం మరదలు రంగుల కాగితం ఒకటి వెనక దాచుకుని కార్ఖానా గుమ్మంలో నిలబడింది.

"వదినా, ఒకటి చూపిస్తాను. తిట్టకూడదు."

"తిట్టదగ్గదైతేనే చూపించు. లేకపోతే నా టైం దండగ."

అది నదీ విహారాల ప్రకటన. పైన పెద్ద అక్షరాలతో 'మొదటిసారా? భయం వద్దు!' అని ఉంది. కింద తెల్లటి పడవ, దాని మీద గ్లాసులెత్తి పట్టుకుని నవ్వుతున్న నలుగురు వృద్ధులు. పళ్ళావిడ కళ్ళజోడు నుదుటి మీంచి ముక్కు మీదకు దించింది.

"ఈయన పళ్ళు చూశావా? అన్నీ ఒకే సైజు, ఒకే రంగు. స్నానాలగదికి వేసే టైల్స్ కూడా ఇంతకంటే సహజంగా ఉంటాయి. ఈవిడవీ అక్కడి సరుకే. నలుగురికీ కలిపి టోకున చేయించినట్టున్నారు."

"పళ్ళు కాదు వదినా, వెనకాల నది చూడండి."

"నదిలో చూడ్డానికేముంది? నీళ్ళు. పోతుంటాయి."

"భయం వద్దు అని కూడా రాశారు."

"భయం వద్దని ఎప్పుడంటారే? భయపడాల్సింది ఏదో ఉన్నప్పుడే. పన్ను పీకే ముందు డాక్టరు కూడా అదే మాటంటాడు."

మామూలుగా అయితే అక్కడితో ఆ కాగితం చెత్తబుట్టలో పడాలి. ఈసారి పడలేదు. మర్నాడు పొద్దున కాఫీ కప్పు కింద కనబడింది. ఆ తర్వాత అద్దానికి గుచ్చి కనబడింది. చివరికి కార్ఖానా అరలో రెండు ప్లాస్టర్ దవడల మధ్య, ఎవరో కరిచి పట్టుకున్నట్టుగా కనబడింది. ఇన్నేళ్ళలో మరదలు ఏ విషయంలోనూ ఇంత పట్టు పట్టలేదు. పళ్ళావిడకు ఒళ్ళు మండింది. దాని వెనకే కాస్త కుతూహలం కూడా పుట్టింది.

"సరే, ఇందులో పస లేదని నేను తేల్చి చెప్పేదాకా నువ్వు ఊరుకోవు. పద, తేలుద్దాం" అంది.

ట్రావెల్ ఆఫీసులో బల్లకు అవతల మెడకు పూల కండువా చుట్టుకున్న ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడ ముందు గాజుపెట్టెలో బొమ్మ పడవ. ఇద్దరినీ చూడగానే తేనె పూసినట్టు నవ్వింది.

"మొదటిసారా అమ్మగారూ? అయితే నదే మంచిదండి. సముద్రం మీద అయితే అలలుంటాయి, కడుపులో తిప్పుతుంది. నదిలో ఆ గొడవే లేదు. ఎటు చూసినా ఒడ్డు కనబడుతూనే ఉంటుంది."

"ఒడ్డు కనబడ్డమే గొప్పయితే, ఒడ్డునే కూర్చోవచ్చుగా?" అంది పళ్ళావిడ.

కండువా ఆవిడ నవ్వు చెదరలేదు. "రోజుకో ఊరు చూపిస్తారండి. పడవ నేరుగా ఊరి నడిబొడ్డున ఆగుతుంది. మాటిమాటికీ పెట్టెలు సర్దక్కర్లేదు. ఉండే గది మీతోపాటే వస్తుంది."

"ఉండే ఇల్లు వెంట రావడానికి నేనేమైనా నత్తనా?"

"పెద్ద ఓడలైతే వేలమంది ఉంటారండి. అందులో ఈతకొలను, సినిమాహాలు, దుకాణాలు…"

"అంటే ఊరు."

"ఇందులో నూటయాభై మందే ఉంటారు."

"అంటే వీధి. వీధి మాకూ ఉంది. దాన్నే భరించలేక ఛస్తున్నాం."

మరదలు నెమ్మదిగా గొంతు సవరించుకుంది. "పొద్దున్నే అందరినీ పేరు పెట్టి పలకరిస్తారని రాశారు. నిజమేనా అండీ?"

"నూటికి నూరుపాళ్ళు నిజమండి. పడవ చిన్నది కదా, అందరూ గుర్తుంటారు."

ఇదేం ప్రశ్న అన్నట్టు పళ్ళావిడ మరదలి వంక ఓ చూపు చూసి, మళ్ళీ కండువా ఆవిడ మీద పడింది. "ఎండాకాలం నీళ్ళు తగ్గితే మీ పడవేం చేస్తుంది? ఇసకలో పాకుతుందా?"

ఇక్కడ మాత్రం ఆ నవ్వు కొంచెం జారింది. "అలా చాలా అరుదుగా జరుగుతుందండి. అప్పుడు మంచి బస్సు ఏర్పాటు చేస్తారు."

"విన్నావా?" అంది పళ్ళావిడ మరదలితో. "పడవ పేరు చెప్పి బస్సెక్కిస్తారట. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే."

కండువా ఆవిడ తెలివైనదే. ఇలాంటివాళ్ళను వాదనతో గెలవలేమని తెలుసు. కొత్తవాళ్ళ కోసమని ఒక చిన్న ప్రయాణం ఉందనీ, పొద్దున ఎక్కి మర్నాడు సాయంత్రం దిగిపోవచ్చనీ, నచ్చితేనే పెద్ద విహారం గురించి ఆలోచించుకోమనీ చెప్పింది. పళ్ళావిడ "చూస్తాం" అని లేచింది. ఆవిడ భాషలో చూస్తాం అంటే చూడం అని.

దారిలో మరదలు, కిందటేడు ఇలాంటి విహారానికి వెళ్ళొచ్చిన బ్యాంకాయన్నీ ఆయన భార్యనూ ఒక మాట అడుగుదామంది. రిటైరైన ఆ బ్యాంకాయన వాళ్ళకు ఎదురు భవనంలోనే ఉంటాడు. వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి ఆయన కాలు నేల మీద ఆనడం లేదు. వీధిలో కుక్కను తిప్పుతూ కూడా డెక్కు, క్యాబిన్ అనే మాటలు తప్ప మాట్లాడడు.

"అద్భుతం! ఆ ప్రశాంతత మాటల్లో చెప్పలేం" అన్నాడాయన సోఫాలో వెనక్కి వాలి.

"ఈయన డెక్కు మీద ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా నిద్రపోయారు. ప్రశాంతతకేం!" అంది ఆయన భార్య. "దిగిన ప్రతి ఊళ్ళోనూ రాళ్ళు పరిచిన దారులే. నా మోకాళ్ళు ఇంకా ఆ రాళ్ళను తలుచుకుంటున్నాయి."

"చారిత్రక కట్టడాలు చూడాలంటే నడవాలి మరి."

"మీరేం కట్టడాలు చూశారు? ఫోటోలు చూపించండి, వాళ్ళకే తెలుస్తుంది."

ఆయన ఉత్సాహంగా ఫోటోలు చూపించాడు. ఒక ఫోటోలో చేప, ఒక ఫోటోలో కేకు, తర్వాత దాంట్లో సగం తిన్న కేకు, మధ్యలో ఎక్కడో మసక మసకగా ఒక గోపురం, మళ్ళీ సూపు.

మెట్లు దిగుతూ పళ్ళావిడ పకపకా నవ్వింది. "లోకం చుట్టొచ్చానంటాడు, పళ్ళెం దాటి బయటికే రాలేదు! ఇలాంటివాడికి ఎక్కడికెళితేనేం? ఇంట్లో కుర్చీని కాస్త ఊపితే సరిపోయేది."

"మరైతే మనం వెళ్ళొద్దా వదినా?"

ఆ అడగడంలో ఏదో తేడా ఉంది. ఎప్పటిలా తీర్పు కోసం అడగలేదు. వెళ్ళొద్దంటే ఒక్కతే వెళ్ళిపోయేలా ఉంది. పళ్ళావిడ మెట్టు మీద ఆగి మరదలి మొహంలోకి చూసింది. "వెళదాం. నేను చెబితే నమ్మవుగా, కళ్ళతో చూసి బుద్ధి తెచ్చుకుందువుగాని. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం" అంది.

అలా ఇద్దరూ పడవెక్కారు. గట్టు మీంచి పడవలోకి వేసిన చెక్క దగ్గర సిబ్బంది బారుగా నిలబడి, తెల్ల చేతితొడుగులతో చప్పట్లు కొట్టారు. "మనం ఏం సాధించామని కొడుతున్నారే?" అంది పళ్ళావిడ. లోపల కాలు పెట్టగానే ఒకమ్మాయి చేతిలో చీటీ చూసుకుని, మరదలి వైపు తిరిగి వంగి, పేరు పెట్టి స్వాగతం చెప్పింది. చెప్పింది పళ్ళావిడ పేరు. ఆ వెంటనే పళ్ళావిడ వైపు తిరిగి మరదలి పేరుతో అంతే తియ్యగా స్వాగతం చెప్పింది.

పళ్ళావిడ నోరు తెరవబోయింది. మరదలు ఆవిడ మోచెయ్యి పట్టుకుని నొక్కింది. "పోనీలెండి వదినా. మళ్ళీ వాళ్ళే తెలుసుకుంటారు."

గది చూసేసరికి పళ్ళావిడకు ప్రాణం లేచొచ్చింది. తిట్టడానికి ఇంత చిన్న చోటులో ఇన్ని దొరుకుతాయని ఆవిడ ఊహించలేదు. మంచాల మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిస్తేనే దారి. స్నానాలగదిలో కూర్చుంటే మోకాళ్ళు తలుపుకు తగులుతాయి. "లేవాలంటే ముందు తలుపు తీసి, ఊరందరికీ చెప్పి లేవాలన్నమాట" అంది. అన్నిటికంటే ఘనమైనది కిటికీ. ప్రకటనలో ఆ కిటికీలోంచి కొండలు, పొలాలు కనబడ్డాయి. తెర తీయగానే ఇంకో కిటికీ కనబడింది. రేవులో చోటు చాలక వీళ్ళ పడవను ఆనుకునే ఇంకో పడవను కట్టేశారు. ఆ కిటికీలో బనీను మీద ఉన్న ఒక లావుపాటాయన పళ్ళు తోముకుంటున్నాడు. ఆయనా వీళ్ళను చూశాడు. నోటినిండా నురుగుతోనే మర్యాదగా తల వంచాడు.

"ఇదిగో నీ ప్రకృతి దృశ్యం" అంది పళ్ళావిడ. "బ్రష్షు పట్టుకోవడం కూడా రాదు. అడ్డంగా రుద్దుతున్నాడు."

పడవ కదిలిన కాసేపటికి భోజనాలకు పిలిచారు. గుండ్రటి బల్ల చుట్టూ వీళ్ళతో పాటు ఇంకో రెండు జంటలు కూర్చున్నాయి. వినోదాల మేనేజరు మైకు పట్టుకుని వచ్చాడు. తెల్ల కోటు, నున్నగా దువ్విన జుట్టు, చెవి నుంచి చెవి దాకా పళ్ళు. ఆ పూట భోజనంలో ఏ వంటకం తర్వాత ఏ వంటకం వస్తుందో కవిత్వంలా చదివాడు. పళ్ళావిడ ఆ మాటలు వినలేదు, నోరే చూసింది.

మరదలి చెవి దగ్గరకు వంగి, "పైవరుస మొత్తం కట్టుడే. 'స' అన్నప్పుడల్లా సన్నగా ఈల వస్తోంది, విను. అంగిట్లో పళ్ళను పట్టి ఉంచే రేకు వదులైంది. ఎవడో చేతగానివాడు చేశాడు. పాపం, ఇన్ని వంటకాల పేర్లు చదువుతాడు గాని ఒక్కటీ కొరకలేడు" అంది.

మరదలిది జాలిగుండె. ఆ పూటంతా ఆయన్నే చూస్తూ కూర్చుంది. చివర్లో పళ్ళూ, అక్రోటు కాయలూ పెట్టిన బుట్ట పట్టుకుని మేనేజరు వీళ్ళ బల్ల దగ్గరకు వచ్చి, "అంతా సౌకర్యంగా ఉందా అమ్మా?" అన్నాడు.

"మాకు బాగానే ఉంది బాబూ. మీకే ఇబ్బందిగా ఉన్నట్టుంది" అంది మరదలు ఆప్యాయంగా. "మా వదిన పళ్ళు చేస్తుంది. మీ పై రేకు వదులైందట. మొహమాటపడకండి, ఆవిడ బిగించి పెడుతుంది."

బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి.  మేనేజరు బుట్టలోంచి పెంకుతో ఉన్న అక్రోటు కాయ తీసి, దవడల మధ్య పెట్టుకుని టప్పున పగలగొట్టాడు. పెంకు తీసి పప్పును పళ్ళావిడ పళ్ళెంలో పెట్టాడు.

"మా అమ్మవైపు నుంచి వచ్చిన పళ్ళండి. ఇంకా వదులు కాలేదు. ఈల మాత్రం చిన్నప్పట్నుంచీ ఉంది."

బల్ల బల్లంతా గొల్లుమంది. పక్క బల్లవాళ్ళు ఏమైందని అడిగి తెలుసుకుని మరీ నవ్వారు. పళ్ళావిడ చెవులు ఎర్రబడ్డాయి. జీవితమంతా లోకాన్ని తప్పుపట్టింది గాని, తన తప్పు ఇలా నలుగురి మధ్య టప్పున పగలడం ఎన్నడూ లేదు. అందులోనూ పళ్ళ విషయంలో.

"కొరికి చూపించడం గొప్ప కాదు. పన్ను బీటలు వారుతుంది" అని మాత్రం అనగలిగింది. ఆ మాట ఎవరి చెవినా పడలేదు. లేచి బయటికొచ్చేసింది.

మనుషుల మొహాలు చూడాలనిపించక పైడెక్కు చివరికి పోయి, అక్కడ వరసగా వేసిన కుర్చీల్లో అన్నిటికంటే దూరపు కుర్చీలో కూర్చుంది. ఎదురుగా ఒడ్డు మెల్లగా వెనక్కి పోతోంది. మొదట కోపంతో ఏమీ చూడలేదు. కాసేపటికి ఒక సంగతి గమనించింది. నది వైపు కనబడేవన్నీ ఇళ్ళ వెనక భాగాలే. వీధి వైపు జనం రంగులు వేసుకుంటారు, తలుపులు చెక్కించుకుంటారు, పూలకుండీలు పెట్టుకుంటారు. నది వైపు ఎవరు చూస్తారులే అని అసలు సంగతంతా ఇటే పడేస్తారు. విరిగిన కుర్చీలు, చిల్లు బకెట్లు, సగం కట్టి వదిలేసిన గోడలు, చిరుగుల దుప్పట్లు ఆరేసిన తాళ్ళు. ముందు నుంచి చూస్తే మహారాజభవనంలా ఉండాల్సిన ఒక మేడకు వెనక మెట్లే లేవు. తలుపు తీస్తే గాలిలోకి అడుగు.

"ఆ మేడ కట్టినవాణ్ణి ఆ తలుపులోంచే పంపాలి" అంది పళ్ళావిడ, ఎవరూ లేకపోయినా.

ఇంకొంచెం ముందుకు పోయాక ఒకాయన పడవకు రంగు వేస్తున్నాడు. కింద తుప్పు గీకకుండానే పైన పూస్తున్నాడు. ఆ తర్వాత ఇద్దరు మగవాళ్ళు కూరగాయల మడి దగ్గర నిలబడి పోట్లాడుకుంటున్నారు. వాళ్ళ మధ్య ఉన్న కంచె ఇద్దరి వైపూ పడిపోయి ఉంది. ఆ తర్వాత ఒక హోటలు వంటగది వెనక వంటవాడు ఎంగిలి చెంచాతోనే కూర కలుపుతున్నాడు. ఒకటి తిట్టి ముగించేసరికి ఇంకొకటి ఎదురొచ్చేది. ఆవిడ లేచి వెళ్ళక్కర్లేదు, వెతకక్కర్లేదు. లోకం తన లోపాలన్నీ వరసగా పట్టుకొచ్చి ఆవిడ ముందు పెట్టి, చిత్తగించవలెనని దణ్ణం పెట్టి పోతోంది. ఒక్కడూ ఎదురు చెప్పడు, ఒక్కడూ అక్రోటు కొరికి చూపించడు. సాయంత్రం చలిగాలి మొదలయ్యేదాకా ఆవిడ ఆ కుర్చీలోంచి కదల్లేదు.

ఈలోగా మరదలు అన్నిటికీ వెళ్ళింది. చేతిరుమాలుతో హంసను మడవడం నేర్చుకుంది. వ్యాయామం చేసింది. పాటల పోటీలో చప్పట్లు కొట్టింది. రాత్రి భోజనాల వేళకు మొహం పీక్కుపోయి వచ్చింది.

మర్నాడు పొద్దున పడవ కదల్లేదు. రాత్రికి రాత్రే ముందున్న మలుపులో నీళ్ళు తగ్గాయట. మేనేజరు మైకులో, చూడాల్సిన ఊరికి బస్సులో తీసుకువెళతామని ప్రకటించాడు. బస్సు మెట్ల దగ్గర కూడా తెల్ల చేతితొడుగుల వాళ్ళు నిలబడి చప్పట్లు కొట్టారు. నేను ముందే చెప్పానా లేదా అనడానికి పళ్ళావిడ నోరు సవరించుకుంటుండగా, మరదలు సీట్లో కూర్చుని బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా మొదలుపెట్టింది.

"నేనెందుకు రావాలనుకున్నానో తెలుసా వదినా? పొద్దున్నే పేరు పెట్టి పలకరిస్తారంటే వచ్చాను."

"దానికోసమా?"

"మా పుట్టింట్లో చిన్నదానా అనేవాళ్ళు. మీ తమ్ముడు ఏమే, ఇదిగో తప్ప ఇంకో మాట అనలేదు. మీరు మరదలా అని కూడా అనరు, ఒసేయ్ అంటారు. నా పేరు ఎవరి నోటా విని ఎన్నాళ్ళయిందో. సరే, ఎక్కడో ఒకచోట వినొచ్చుగా అనుకున్నాను."

పళ్ళావిడ సీట్లో ముందుకు జరిగింది.  "దిగగానే ఆ అమ్మాయికి చెబుతాను. పేర్లు తారుమారయ్యాయని గట్టిగా…"

"వద్దండి. నిన్నట్నుంచి ఎంతమంది పలకరించారు! అందరూ మీ పేరుతోనే. నేను పలికాను. వాళ్ళ నవ్వేం తగ్గలేదు. మీరు నా పేరుకు పలికారు, అప్పుడూ తగ్గలేదు." మరదలు కిటికీ వైపు నుంచి మొహం తిప్పింది. ఆ మెత్తటి మొహంలో కిందిపెదవి ఒక పక్కకు ఒరిగి, సన్నగా విరిగింది. "పేరు కాదు వదినా, వీపు మీద అంకె వేసుకున్నా అంతే తియ్యగా పలకరిస్తారు. పైన పటారం, లోన లొటారం. నాకిది పడదు."

ఇన్నేళ్ళలో మరదలు పెదవి విరవడం అదే మొదటిసారి. ఒక్క విరుపుతో పడవను, మైకును, చేతితొడుగులను, హంసలను అన్నిటినీ ఒకేసారి నీళ్ళలో ముంచేసింది. పళ్ళావిడ నివ్వెరపోయింది. తాను ఇన్ని రోజులుగా ఇన్ని మాటలు ఖర్చుపెట్టినా ఇంత దెబ్బ కొట్టలేకపోయింది. అందులోనూ ఆ దెబ్బ ఓ మూల తనకు కూడా తగిలింది.

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఎదుటివాళ్ళు మెచ్చుకుంటే తిట్టడం అలవాటైన నాలుక, ఎదుటివాళ్ళు తిట్టేసరికి దానంతటదే తిరగబడింది.

"వాళ్ళేం చేస్తారే పాపం! అంతమందిని గుర్తుపెట్టుకోవాలంటే మాటలా? పడవ మరీ అంత తీసిపారేసేదేం కాదు" అంది పళ్ళావిడ.

అన్నాక ఆవిడే ఉలిక్కిపడింది. మరదలు ఆశ్చర్యంగా చూసి, ఆ తర్వాత బస్సు దిగేదాకా లోలోపల నవ్వుకుంటూనే ఉంది.

ఇంటికొచ్చాక ఇద్దరూ ఆ విషయం ఎత్తలేదు. కాని పళ్ళావిడ కార్ఖానాలో కూర్చున్నప్పుడల్లా కిటికీ వైపు చూపు పోయేది. కిటికీకి ఎదురుగా ఎప్పుడూ అదే గోడ, అదే గొట్టం, అదే ఇస్త్రీ దుకాణం. వాటిని తిట్టి తిట్టి ఇక వాటిలో పస లేదు. ఒక మధ్యాహ్నం మైనం చల్లారేలోపు వస్తానని బయల్దేరి నేరుగా ట్రావెల్ ఆఫీసుకు వెళ్ళింది. కండువా ఆవిడ ఈవిణ్ణి చూసి కుర్చీలో కాస్త వెనక్కి జరిగింది.

"పెద్ద ప్రయాణానికి ఒక టికెట్టు ఇవ్వండి" అంది పళ్ళావిడ.

"నచ్చిందా అమ్మగారూ?"

"నచ్చడమా? సగమే చూశాను. సగం చూసి తిట్టడం న్యాయం కాదు. ఒడ్డు వైపు గది ఇవ్వండి. పక్క పడవ బనీనాయన నాకొద్దు."

ఇంట్లో ఈ మాట చెప్పడానికి ఆవిడ పడ్డ అవస్థ ఆవిడకే తెలుసు. చెప్పాక మరదలు పెట్టె దించి దుమ్ము దులిపింది. "నువ్వూ రావాల్సింది" అని సణిగితే, "నాకు పడదన్నానుగా వదినా. మీరు వెళ్ళిరండి. కార్ఖానా ఫోనుకు నేను జవాబు చెబుతాను" అంది. మరదలు తన సొంత తీర్పు మీద నిలబడడం పళ్ళావిడకు కొత్తగా ఉంది. పెదవి విరవాలో వద్దో తేల్చుకోలేకపోయింది.

పళ్ళావిడ వెళ్ళిపోయాక మరదలు రోజూ పొద్దున కిందకు దిగి కార్ఖానా తలుపు తెరిచి కూర్చునేది. డాక్టర్ల దగ్గర్నుంచి ఫోన్లు వచ్చేవి. "ఎవరు మాట్లాడేది?" అని అడిగేవాళ్ళు. మొదటిరోజు కంగారుపడి "ఆవిడ మరదల్నండి" అంది. రెండోరోజు గొంతు సవరించుకుని తన పేరు చెప్పింది. వారం తిరక్కుండానే ఒక ముసలి డాక్టరు ఫోనెత్తగానే ఆ పేరు పెట్టి, "ఏవమ్మా, పై సెట్టు ఎప్పటికిస్తారు?" అని విసుక్కున్నాడు. విసుగే. తియ్యదనం ఒక్క చుక్క లేదు. మరదలు ఆ రోజంతా హుషారుగా ఉంది.

సాయంత్రాలు పళ్ళావిడ దగ్గర్నుంచి ఫోను వచ్చేది. మరదలు దాన్ని స్పీకర్లో పెట్టి, పొయ్యి దగ్గర నిలబెట్టి, వంట చేసుకుంటూ వినేది. ఇవాళ చూసిన వంతెన ఎంత వంకరగా ఉందో, పక్క కుర్చీ ఆవిడ టోపీ ఎంత దరిద్రంగా ఉందో, మ్యూజియంలో రాజుగారి విగ్రహానికి కింది దవడ ఎలా తప్పుగా చెక్కారో, ఒడ్డున ఒకడు కుక్కకు స్నానం చేయించబోయి తనే ఎలా నీళ్ళలో పడ్డాడో అంతా వివరంగా చెప్పేది. ఊపిరి తీసుకోడానికి కూడా ఆగేది కాదు. ఒకనాడు మరదలు మధ్యలో అడిగింది.

"ఏదైనా ఒక్కటి బాగుందా వదినా అక్కడ?"

"ఒక్కటీ లేదు. ఇంత అధ్వాన్నం నేనెక్కడా చూళ్ళేదు."

"అయితే రేపటి ఊళ్ళో దిగి రైలెక్కి వచ్చేయండి. ఎందుకు అవస్థ?"

అవతల నీళ్ళ చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు వినబడ్డాయి.

"రేపు ఏదో కోట పక్కనుంచి పోతుందట పడవ. వెనక వైపు నుంచి" అంది పళ్ళావిడ. "అదెంత ఘోరంగా ఉందో కూడా చూసేసి వస్తాను. నువ్వు తలుపు గడియ పెట్టుకుని పడుకో."

మరదలు పొయ్యి మీద గిన్నె దించుకుని, ఆ టోపీ ఆవిడ సంగతి ఇంకొంచెం చెప్పమంది.